టార్పాలిన్ కింది కాగితం

ఆయన అసలు పేరు ఇంట్లోవాళ్ళే మర్చిపోయి ఉంటారు. టార్పాలిన్లు కుట్టే ఆయన్ని ఊరంతా ‘చుక్కదిగదు’ అనే పిలిచేది. ముప్పై ఏళ్ళుగా, కుట్టి ఇచ్చే ప్రతి సరుకు మీదా చెయ్యి వేసి ఆయన అనే మాట అదొక్కటే.

ఊరికే అనేవాడు కాదు. కొట్టు వెనక పెరట్లో నాలుగు గుంజలున్నాయి. కుట్టిన గుడ్డను నాలుగు మూలలా వాటికి కట్టి, నడుమ జోలెలా వేలాడనిచ్చి, రెండు బిందెల నీళ్ళు పోసేవాడు. కింద పాత న్యూస్‌పేపరు పరిచి, అది ఎవరి సరుకో పెన్సిల్‌తో తనే రాసేవాడు. పొద్దున పోస్తే సాయంత్రం దాకా అంతే. కాగితం పొడిగా ఉంటేనే సరుకు గడప దాటేది. ఆయన అన్నానికి లేస్తే, కాకి వాలి నీళ్ళు చిమ్మకుండా భార్య వచ్చి కాపలా కూర్చునేది.

ఆ ఇంట్లో పెరిగినవాడే బావమరిది. తల్లి పోయాక అక్క వెంట వచ్చాడు. సూది పట్టడం, మైనం రాసిన దారం లాగడం ఈయనే నేర్పాడు. ఇప్పుడు వాడు నలభైకి దగ్గరపడ్డాడు, మాటల పోగు. ఒకరోజు ఒక డబ్బా తెచ్చి, మామూలు నూలుగుడ్డ మీద అందులోది చిమ్మి ఆరబెట్టాడు.

“నానో పూత బావా. కంటికి ఆనని రేణువులు దారం దారానికీ పట్టుకుంటాయి. ఇక నీళ్ళకు అతుక్కునే చోటే ఉండదు. రేపు చెప్పులకీ, గోడలకీ, ఆఖరికి సోఫాలకీ ఇదే. నీ రబ్బరు గుడ్డ మొయ్యడానికి నలుగురు కావాలి. ఇదైతే చంకన పెట్టుకుపోవచ్చు.”

గుడ్డ వాల్చి చెంబెడు నీళ్ళు పోస్తే, తామరాకు మీద బొట్లలా దొర్లిపోయాయి. ఆయన చిన్నపిల్లాడిలా మళ్ళీ మళ్ళీ పోయించుకుని నవ్వాడు. ఆ మురిపెమే కొంప ముంచింది.

అప్పుడే గ్రంథాలయం పైకప్పు విప్పుతున్నారు. పుస్తకాలన్నీ హాలు నడుమ పేర్చి, కప్పడానికి ఏదైనా కుట్టమని లైబ్రేరియన్ ఆవిడ వచ్చింది. ఆయన ఈ తేలిక గుడ్డే కుట్టాడు. గుంజలకు కట్టి నీళ్ళు పోసి, కాగితం మీద ‘గ్రంథాలయం’ అని రాశాడు. మధ్యాహ్నం ఒక లారీకి కొలతలు తీయాల్సి వచ్చి, బావమరిదిని కూర్చోబెట్టి వెళ్ళాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి వాడు కాగితం చేతిలో పెట్టాడు.

“చూసుకో బావా. చుక్క దిగలేదు.”

ఆయన కాగితాన్ని తడిమి చూశాడు. దాని మీద రాతేమిటో చూడలేదు.

ఆ వారంలోనే రెండు రోజులు కుండపోతగా కురిసింది. జారే నీళ్ళు జారాయి. దొంతరల మధ్య గుడ్డ కుంగిన చోట నిలిచిన నీళ్ళు మాత్రం ఆ బరువుకు దారాల సందుల్లోంచి దిగాయి. పిల్లల పుస్తకాల వరస మొత్తం ఉబ్బిపోయింది. ఆయన వెళ్ళి తల వంచుకుని నిలబడితే లైబ్రేరియన్ ఆవిడే ఊరడించింది.

“మీరు పరీక్ష పెట్టకుండా ఇవ్వరు బాబాయిగారూ. ఆ వానకు ఏది ఆగుతుంది?”

తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి బావమరిది తెచ్చిపెట్టిన పూత డబ్బాల అట్టపెట్టె కదిపితే అడుగున ఒక న్యూస్‌పేపరు కనిపించింది. తడిసి ఆరి ముడతలు పడింది. మూలన ‘గ్రంథాలయం’ అని తన చేతి రాతే. డబ్బాల మీద కొత్త చీటీలు అంటించి ఉన్నాయి: ‘చుక్కదిగదు వారి నానో పూత’.

“కాగితం మార్చావా?” అని అడిగాడు.

బావమరిది ఒక డబ్బా తీసి చీటీ మీద వేలు పెట్టాడు. “నీళ్ళు నిలిస్తే ఆగదని డబ్బా మీదే ఉంది బావా. ఆ రాత మీదే చీటీ అంటించాను. వాన ఇంత పడుతుందనుకోలేదు. నీ పేరుంటే జనం నమ్ముతారని...”

“నేనూ నిన్ను అలాగే నమ్మాను.”

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళ గురించి ఆయన చాలానే విన్నాడు గానీ, అన్నం కలిపి పెట్టిన చెయ్యి తనదే అవుతుందనుకోలేదు. మర్నాడు ఆ ముడతల కాగితాన్ని లైబ్రేరియన్ బల్ల మీద పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆవిడ ఈసారి ఊరడించలేదు.

వారం తర్వాత ఒక రబ్బరు టార్పాలిన్ గుంజలకు కట్టి నీళ్ళు పోశాడు. అన్నం వేళకు భార్య పెరట్లోకి వచ్చింది.

“నేను కూర్చుంటాలెండి, వెళ్ళి తినండి,” అంది, ముప్పై ఏళ్ళుగా అంటున్నట్టే.

“వద్దులే. ఇక్కడికే పట్రా.”

ఆమె ఆయన వంక చూసింది, గుడ్డ కింది కాగితం వంక చూసింది.

“నన్ను కూడానా?” అంది.

ఆయన కాగితం మీంచి చూపు తిప్పలేదు.