గుంటూరు కాయ రాని ఏడాది

ఎండ వాలే వేళ రాయపూర్ రైల్వే కాలనీలో దాలమ్మ వాకిలంతా ఎర్రగా కనిపిస్తుంది. గోనెపట్టా మీద ఎండుమిరపకాయల మధ్య కూర్చుని ఆమె తొడిమలు తీస్తూ ఉంటుంది. చేతులు మండుతాయి కాబట్టి ముఖం మీద పడే జుట్టును మోచేత్తోనే తోసుకుంటుంది. చక్కీలో కారం ఆడించాక, తెల్ల పళ్ళెంలో నువ్వులనూనె పోసి, చిటికెడు చల్లి, ఎరుపు మెల్లగా పాకడాన్ని కల కంటున్నట్టు చూస్తుంది. గుంటూరు కాయ అన్న నమ్మకంతోనే కాలనీలోని తెలుగువాళ్ళు ఆవకాయ కారానికి ఆమె దగ్గరికి వస్తారు. ఈ ఏడు తామరపురుగు పడి అక్కడి పంట దెబ్బతింది. ఇక్కడి మిర్చి మండీకి వచ్చినవన్నీ పక్కనున్న దుర్గ్ వైపు కాయలే. నూనెలో ఎరుపు సగం దూరం పాకి ఆగిపోయింది.

“గుంటూరుదేనని చెప్పీయ్. ఎవులికి తెలుస్తాది?” అన్నాడు మంచం మీంచి భర్త పరదేశి. అంతలో మూడు కిలోల కోసం డబ్బా పట్టుకుని కల్యాణి వచ్చింది. “మన గుంటూరుదే కదా పిన్నీ?” దాలమ్మ పళ్ళెం ఆమె ముందుకు జరిపింది. “కాదమ్మా. అక్కడి కాయ ఈయేడు రానేదు. ఇది దుర్గ్‌ది. రంగు సరిగా రాదు.” కల్యాణి వేలితో అద్ది నాలుక మీద పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “అయితే మూడు కిలోలు వద్దు పిన్నీ.” తూకం దగ్గర దాలమ్మ చెయ్యి ఆగిపోయింది. “రెండు చాలు,” అని నవ్వింది కల్యాణి. “బాప్‌రే, ఈ కారం మూడు కిలోలు కలిపితే మా ఆయన ఇల్లొదిలి పోతాడు!”

“నిజం చెప్పినందుకు కిలో పోనాది,” అని పరదేశి గొణిగాడు.

“పక్కింటి పూర్ణిమనీ పంపిస్తాను బాబాయ్, దుర్గ్ కాయ అని చెప్పే పంపిస్తాను,” అంటూ కల్యాణి డబ్బా మూత పెట్టబోయింది. దాలమ్మ ఆ చేతిని ఆపి, ఇంకో గుప్పెడు కొసరు వేసింది.