సర్కారు వకీలు తల్లిని బోనెక్కించిన నాడు

ఆ రోజుల్లో అబద్ధానికి కూడా ఓ మర్యాద ఉండేది. పెండ్లికి ముందు ఆడితే దాన్ని ఎవరూ అబద్ధమనేవారు కాదు. నేను చదివింది నాలుగో తరగతి. మా వాళ్లు ఏడు పాసైందని చెప్పించి, పటాన్‌చెరులో ఫ్యాక్టరీ ఉద్యోగమున్న అబ్బాయికిచ్చి చేశారు. కాపురానికొచ్చిన నెలకే మా ఆయన, చదువుకున్న భార్య గదా అని, బస్టాండు దగ్గరి కిరాయి పుస్తకాల దుకాణం నుంచి లావుపాటి నవల తెచ్చి నా చేతిలో పెట్టి డ్యూటీకి వెళ్లిపోయాడు. ఓ షావుకారు హత్య, ఆ కేసు వాదించే సర్కారు వకీలు, ఆయన ఇంట్లోనే దాగిన పాత గుట్టు, అదీ కథని పోతూ పోతూ చెప్పాడు. మా అత్త చింతపండులో గింజలు తీస్తూ, "సదువు బిడ్డా, వింట" అంది. దొరికిపోతే నన్ను పుట్టింటికి పంపిస్తారని భయం.

మొదటి పేజీని రెండు మధ్యాహ్నాలు కూడబలుక్కుంటూ చదివాను. నోరు తిరగని కోర్టు మాట వచ్చినప్పుడల్లా గాలికి కండ్లు మండుతున్నాయనేదాన్ని (చుట్టూ అన్ని ఫ్యాక్టరీల మధ్య ఆ సాకును ఎవరూ కాదనలేరు). మూడో రోజు ఇక లాభం లేదని, పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని సొంతంగా చెప్పడం మొదలుపెట్టాను. నా వకీలు సంగారెడ్డి కోర్టుకు బస్సులో వేలాడుతూ పోయేవాడు. తల్లి చేసిన జొన్నరొట్టె తినందే వాదించేవాడు కాదు. (అట్ట మీద ఆయన కారు దిగుతున్న బొమ్మ ఉంది. అందుకే అట్టకు పాత పేపరు చుట్టేశాను.) పేజీ ఎక్కడ తిప్పాలో తెలియక, ఊపిరి తీసుకున్నప్పుడల్లా తిప్పేదాన్ని.

ఆరో రోజుకు వకీలుకు తల్లి మీదే అనుమానం వచ్చింది. షావుకారు హత్య సంగతి ఆమెకేదో తెలుసు. ఆమెను బోనెక్కించి, గొంతు లావు చేసి అడిగాను: "అమ్మా, ఇన్ని దినాలు ఇంట్ల ఏం దాచినవ్? నీ బిడ్డ మీద ఒట్టేసి చెప్పు."

అత్త చెయ్యి చింతపండులోనే ఆగిపోయింది.

"వాడు పర్మనెంటు గాదు బిడ్డా."

"ఎవరత్తా, వకీలా?"

"నీ మొగడు. కాంట్రాక్టరు కింద చేస్తున్నడు. గట్ల చెప్తే పిల్లనియ్యరని దాచిన. గీ వకీలు రోజూ నన్నే అడిగినట్టున్నది, ఇగ నాతోని గాదు."

మా వైపు పెండ్లి చూపుల్లో పిల్లవాడి ముక్కూ మొహం కంటే ముందు, పర్మనెంటా కాంట్రాక్టా అనే అడిగేవారు. నేను అలిగి మూట కట్టుకోవలసిన సమయమది. కాని కొంగుతో కండ్లొత్తుకుంటున్న ఆమెను చూస్తే నా నోరు కూడా ఆగలేదు.

"నేను ఏడు గాదత్తా, నాలుగే. మొదటి పేజీ తర్వాత దీంట్ల ఏమున్నదో నాకు దెల్వది."

అత్త పుస్తకాన్ని, నన్ను మార్చి మార్చి చూసింది. "మరి గా వకీలు రొట్టె తినుడు?"

"నేనే తినిపించిన."

చింతపండు చాట కింద పడేదాకా నవ్వింది. తర్వాత తీరిగ్గా లెక్క చూసుకుంటే, వాళ్లకు ఏడని చెప్పిందీ, మాకు పర్మనెంటని చెప్పిందీ ఒకే పెద్దమనిషి. రెండిండ్లలోనూ మాంసం కూరతో భోజనం చేసి మరీ పెండ్లి కుదిర్చాడు.

"ఇంతకూ షావుకారును సంపిందెవరే?" అంది అత్త.

"నువ్వే చెప్పు."

ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు. "గా పెద్దమనిషే."

మర్నాడు నా వకీలు ఆయనకు యావజ్జీవ శిక్ష వేయించాడు.

మా ఆయన పర్మనెంటు కావడానికి ఏండ్లు పట్టింది. నాకు చదవడం అంతకంటే ముందే వచ్చింది, అత్త రోజూ పక్కన కూర్చుని "ఇయ్యాల నిజంగనే సదువు" అని పట్టుబట్టడం వల్ల. ఇప్పుడు ఆమె లేదు. అద్దాలు పెట్టుకుని, తప్పు పోతుందేమోనని అక్షరం కింద వేలు పెట్టి చదువుతుంటాను. అప్పుడప్పుడు వేలు ఆగిపోతుంది. ఒక్క పేజీ చదివి మూడు వందల పేజీలు చెప్పిన ఆ పద్దెనిమిదేండ్ల పిల్ల ధైర్యం చూసి నాకే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా.