వేరే కంచం

ఉదయం ఏడుంబావుకు మేడ్చల్ స్టేషన్‌లో నా భార్య రొట్టె తినడానికి కూర్చుంది. ఆమెకు రొమ్ములో రాచపుండు, అంటే క్యాన్సర్, అని తేలింది. పట్నం ఆసుపత్రిలో ఆమెకు ఇవ్వాల్సిన కరెంటు వైద్యం, అదే రేడియేషన్, ఇంకా మొదలు కాలేదు. అంటుకుంటుందని మా అమ్మ ఇచ్చిన వేరే కంచంతో, నాకు దూరంగా గోడవైపు తిరిగి కూర్చుంది.

పక్కనున్న రావల్‌కోల్ ఊరి ముసలామె పలకరించింది. "ఏంది బిడ్డా, గోడతోని ముచ్చటా?"

"రాచపుండు అవ్వా. అంటుకుంటదట," అంది నా భార్య.

"అంటుకునేదైతే గాడ కూసున్న నీ మొగనికి ఎప్పుడో అంటుకోవాలె!" అంటూ ముసలామె ఆ కంచంలోంచే రొట్టె తుంచుకుని తిన్నది. "ఇగ గా రోగాన్ని నాకు రమ్మను, చూస్త."

నా భార్య పకపకా నవ్వి, లేచి నా పక్కకు వచ్చి తిన్నది. ఇల్లు చేరాక, అమ్మ చూస్తుండగానే, ఆ కంచంలో కోళ్లకు గింజలు పోసింది.

వైద్యం మధ్యలోనే ఆమె పోయింది. శామీర్‌పేటలోని మా ఇంట్లో ఇప్పుడు ఎవరు జబ్బు పడినా వేరే కంచం పెట్టం.