నేను నలభైసార్లు విన్న కారం ప్రకటన

ఒక ఆటో, ఒక మైకు, ఒక నిమిషం క్యాసెట్టు. ఈ మూడింటితో నిక్షేపంలాంటి కారం మిల్లుని ఒక్క పూటలో ఎలా కూలదొయ్యొచ్చో తెలుసుకోవాలంటే నన్నడగండి. ఆ ఘనకార్యం చేసినవాణ్ణి నేనే. మిల్లు తర్వాత లేచి నిలబడింది, దానికేం. నవ్వుకోవడానికి వచ్చినవాళ్లు హాయిగా నవ్వుకోండి. మధ్యలో ఎక్కడైనా నా గొంతు బొంగురుపోయినట్టనిపిస్తే కారం ఘాటనుకుని ముందుకి పోండి.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. చిలకలూరిపేటలో హైవే పక్కన, సైకిల్ షాపు పైన ఉండే మస్తాన్ గారి వీడియో మిక్సింగ్ సెంటర్లో పనిచేసేవాణ్ణి. పెళ్లికూతురి తల చుట్టూ గులాబీలు తిప్పడం, పెళ్లికొడుకుని తామరపువ్వులోంచి పైకి లేపడం మా ప్రధాన కళ. కిటికీ తీస్తే జిన్నింగు మిల్లుల నుంచి దూది పింజలు ఎగిరొచ్చి నెత్తిన కూర్చునేవి. మిరప బస్తాల లారీ పోతే కంప్యూటరు తప్ప గదిలో అందరం తుమ్మేవాళ్లం.

ఒకరోజు హనుమంతరావు గారని ఓ మిల్లు యజమాని వచ్చి, తన గోరింక మార్కు కారానికి కేబుల్లో వేసుకోడానికి మూడు నిమిషాల వీడియో కావాలన్నారు. "చెప్పే అమ్మాయి గొంతు బాగుండాలి మస్తాన్ గారూ. వింటే నోరూరాలి" అన్నారు.

నేను క్షణం ఆలస్యం చెయ్యలేదు. "సలోమి గారని ఉన్నారండి" అన్నాను.

సలోమి మా వీధి చివరి ప్రైవేటు స్కూల్లో టీచరు. ఆదివారం మా చర్చిలో ప్రకటనలు చదివేది. ఆమె "వచ్చే బుధవారం ఉపవాస ప్రార్థన" అంటే నాకు విందుకి పిలిచినట్టుండేది. రెండేళ్లుగా వింటున్నాను. ఆ రెండేళ్లలో నేను ఆమెతో మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఒక పోస్టుకార్డు కూడా నిండదు.

ఆమె వచ్చింది. పసుపు పచ్చ చీర, చేతిలో గొడుగు. బల్ల మీద రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పెట్టాం. ఒకదాని ముందు 'కల్తీ' అని, రెండోదాని ముందు 'గోరింక' అని చీటీలు. చప్పుడు రాకుండా ఫ్యాను ఆపి, కిటికీలకి దుప్పట్లు కట్టాం. కారం పొట్లం విప్పగానే మస్తాన్ గారు తుమ్మారు, ఆయన్ని చూసి నేను తుమ్మాను, మా ఇద్దర్నీ చూసి సలోమి నవ్వింది. అలా ఏడుసార్లు పాడయ్యాక ఎనిమిదోసారి కుదిరింది.

ముందు కల్తీ గ్లాసు చూపిస్తూ చెప్పింది: "ఇదిగో, ఈ కారం చూడండి. ఎంత ఎర్రగా ఉందో! నీళ్లలో వెయ్యగానే రంగు పైకి తేలింది, ఇటుక పొడి అడుక్కి దిగింది. దయచేసి దీన్ని మీ వంటింటి గడప తొక్కనివ్వకండి." తర్వాత రెండో గ్లాసు చూపించి గోరింక కారం గొప్పతనం చెప్పింది. ఆ 'దయచేసి' ఉంది చూశారూ, దానికి నేను అక్కడికక్కడే కరిగి నీళ్లయ్యాను. అడుక్కి దిగింది నేనే.

వీడియో కేబుల్లో వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. ఇక సలోమి మా మెట్లెక్కే పని లేదు. ఆ ఆలోచన వచ్చేసరికి నా బుర్ర అంతకు ముందెన్నడూ లేనంత చురుగ్గా పనిచేసింది.

"హనుమంతరావు గారూ, వీడియో ఒక్కటే ఉంటే ఎలాగండీ? కేబుల్ లేని ఊళ్ల సంగతేంటి?" అన్నాను. "మాటలతో క్యాసెట్టు చేసి ఆటోకి మైకు కడదాం. బొమ్మతో కరపత్రం వేద్దాం. అదే బొమ్మ క్యాలెండరుకి కూడా పనికొస్తుంది."

"కుర్రాడికి బుర్రుందండోయ్!" అన్నారాయన.

"అయితే సలోమి గార్ని మళ్లీ రికార్డింగుకి పిలవాలండి" అన్నాను, ఆకాశంలో తేలుతూ.

మస్తాన్ గారు వక్కపొడి నములుతూ నన్ను కిందికి దించారు. "ఎందుకురా దానియేలూ? వీడియోలో గొంతు ఉందిగా, లాగెయ్. బొమ్మా ఉందిగా, పీకెయ్. ఆ అమ్మాయిని తిప్పడం దేనికి?"

అయిపోయింది. మనిషి కోసం వల వేస్తే గొంతు మాత్రం పడింది.

రెండు గంటల పనిని మూడు రోజులు చేశాను. క్యాసెట్టు నిమిషానికి మించకూడదు. కాబట్టి ఏదో ఒక సగం తియ్యాలి. 'దయచేసి' ఉన్న సగాన్ని తీసేసే రాయిగుండె నాకు లేదు. రెండో సగం తీసేశాను. హనుమంతరావు గారు "పోయే ఆటోలోంచి జనానికి రెండు ముక్కలే వినపడతాయి, ఆ రెండింట్లో మన పేరుండాలి" అన్నారు కదా అని, వాక్యానికీ వాక్యానికీ మధ్య మస్తాన్ గారి గొంతుతో పేరు ఇరికించాను. కరపత్రానికి ఆమె నవ్వు అన్నిటికన్నా బాగున్న బొమ్మ ఏరాను. గడ్డం కిందికి నా చూపు దిగలేదు. అంత మర్యాదస్తుణ్ణి.

క్యాసెట్టు ఎన్నిసార్లు విన్నానంటారు? నలభైసార్లు. హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్లు మూసుకుని. కళ్లు మూస్తే నాకు ఆ పసుపు పచ్చ చీరా, ఆ రెండు గ్లాసులూ, ఆమె చూపుడువేలూ కనిపిస్తూనే ఉన్నాయి. మిగతా ప్రపంచానికి కనిపించవన్న సంగతి నాకు తట్టలేదు.

సోమవారం పొద్దున ఆటో బయలుదేరింది. పదకొండింటికి ఫోను. ఆటో నడిపే బాజీ, ఏదో ఊళ్లో ఎస్టీడీ బూత్ నుంచి.

"అన్నా, ఒకసారి ఈ క్యాసెట్టు వినే ఇచ్చావా?"

"నలభైసార్లు విన్నానురా!"

"అయితే నీకు దణ్ణం. ఇక్కడ ఆడాళ్లంతా ఇంట్లో ఉన్న గోరింక కారం డబ్బాలు తెచ్చి ఆటోలో పడేస్తున్నారు. కాళ్లు పెట్టుకోడానికి చోటు లేదు."

"ఎందుకు?"

"ఎందుకేంటన్నా? నువ్వే విను!" అని మైకు ఆన్ చేసి రిసీవరు అటు తిప్పాడు.

"గోరింక కారం! ఇదిగో, ఈ కారం చూడండి. ఎంత ఎర్రగా ఉందో! గోరింక కారం! నీళ్లలో వెయ్యగానే రంగు పైకి తేలింది, ఇటుక పొడి అడుక్కి దిగింది. గోరింక కారం! దయచేసి దీన్ని మీ వంటింటి గడప తొక్కనివ్వకండి. గోరింక కారం!"

నేను రిసీవరు చెవికి దూరంగా జరిపాను. అందులోంచి ఎవరో ముసలమ్మ మాట సన్నగా వినిపిస్తూనే ఉంది. "పాపం, ఎంత బతిమాలి చెబుతోందో పిల్ల. ఇంత నిజాయితీగా చెప్పుకునే కంపెనీ ఉందా నాయనా!"

ఫోను పెట్టేసరికి హనుమంతరావు గారు మెట్ల మీద ఉన్నారు. వచ్చి కరపత్రం నా బల్ల మీద పరిచారు. అందులో సలోమి చక్కగా నవ్వుతూ గ్లాసు పట్టుకుని ఉంది. గ్లాసు ముందు చీటీ మీద 'కల్తీ' అని, కళ్లజోడు లేకపోయినా చదవగలిగేంత పెద్ద అక్షరాలు. దాని కింద మా వాక్యం: 'మా కారం ఇదే!'

"పోటీ మిల్లువాడు కూడా నాకింత ద్రోహం చెయ్యడయ్యా!" అన్నారాయన. కోపంకన్నా ఏడుపే ఎక్కువుంది ఆ గొంతులో. "ఇరవై మంది పని చేస్తున్నారు నా మిల్లులో. వాళ్లకేం చెప్పమంటావు?"

అప్పటిదాకా నాకు భయమే వేసింది. ఆ మాటతో సిగ్గు కూడా వేసింది.

మస్తాన్ గారు క్యాసెట్టు ఒక్కసారి విని నా వైపు తిరిగారు. "ఒరేయ్, వీడియోలో 'ఇది' అంటే ఆ అమ్మాయి వేలు చూపిస్తుంది. ఆటోలో వేలెక్కడిదిరా?"

సాయంత్రం బడి వదిలాక సలోమి వచ్చింది. పిల్లలు అప్పుడే 'ఇటుకపొడి మిస్సు' అని పేరు పెట్టేశారట. తిడుతుందనుకున్నాను. క్యాసెట్టు పెట్టమంది. విన్నది. రెండో 'గోరింక కారం' దగ్గర పెదవి బిగపట్టింది. మూడో దానికి కొంగు అడ్డం పెట్టుకుంది. చివరికి కుర్చీలో వెనక్కి వాలి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నవ్వాక తనే అడిగింది, "పాపం ఆ మిల్లాయన మునిగిపోతారు. మళ్లీ చెప్పనా?"

ఈసారి 'ఇది', 'అది' లేకుండా, 'కల్తీ కారం', 'గోరింక కారం' అని ప్రతిచోటా పేరుపెట్టి చదివింది. బాజీ అవే ఊళ్లు మళ్లీ తిరిగాడు. మైకులో క్షమాపణ కూడా చెప్పాడు. డబ్బాలు చాలావరకు వెనక్కి వెళ్లాయి. హనుమంతరావు గారు మాత్రం క్యాలెండరు మీద దేవుడి బొమ్మ వేయించుకున్నారు.

రికార్డింగ్ అయ్యాక మస్తాన్ గారు టీ చెప్పడానికి కిందికి వెళ్లారు. గదిలో ఇద్దరమే. సలోమి గొడుగు చేతిలోకి తీసుకుని ఆగింది.

"దానియేలు గారూ, ఆ క్యాసెట్టు నిజంగా మీరు నలభైసార్లు విన్నారా? మస్తాన్ గారు చెప్పారు."

"విన్నానండి."

"నలభైసార్లు విన్నా తప్పు తెలియలేదా? ఏం వింటున్నారు మరి?"

పాఠకులారా, జీవితం ఇంత సులువైన ప్రశ్న నన్నెప్పుడూ అడగలేదు. జవాబు రెండక్షరాలు. మీకు తెలుసు. ఆమెకీ తెలిసే అడిగిందని ఇప్పుడు అనిపిస్తుంది.

"స్పీకరు బాగాలేదండి" అన్నాను.

ఆమె కాసేపు స్పీకరు వంక చూసింది. "బాగు చేయించుకోండి" అని మెట్లు దిగిపోయింది.

జూన్‌లో ఆమెకి ఒంగోలులో ఉద్యోగం వచ్చింది. ప్రయాణం రోజు నేను బస్టాండుకి వెళ్లాను. దారి పొడవునా చెప్పాల్సిన మాట వల్లెవేసుకున్నాను. ట్రంకుపెట్టె పైకెక్కించాక ఆమె ఫుట్‌బోర్డు మీద నిలబడి, "ఏమైనా చెప్పాలని వచ్చారా?" అంది.

"అవునండి. కిటికీ పక్కన కూర్చోకండి. దుమ్ము" అన్నాను.

ఆమె కిటికీ పక్కనే కూర్చుంది. బస్సు మలుపు తిరిగేదాకా ఇటే చూస్తూ ఉంది. ఆ దుమ్మంతా నా కళ్లలోనే పడింది.

ఆ వీడియోని తర్వాత నేను క్యాసెట్టు నుంచి సీడీలోకి, సీడీ నుంచి ఫోనులోకి ఎక్కించుకుంటూ వచ్చాను. ఎవరూ పురమాయించలేదు. ఎవరికీ చూపించనూ లేదు. ఏడు చోట్ల మేం తుమ్మిన ముక్కలు కూడా ఉన్నాయి. వాటిల్లోనే ఆమె నవ్వుంది.

కాబట్టి, బైబిలు మీద చెయ్యి వేసి మీ అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. బొమ్మకి చెప్పిన మాటని చెవికి ఎక్కించేటప్పుడు వేలెక్కడుందో చూసుకుంటాను. ఏ నేరం చెయ్యని స్పీకరు మీద నింద మోపను. నాకోసం ఫుట్‌బోర్డు మీద ఆగిన మనిషికి ఈ జన్మలో మళ్లీ దుమ్ము గురించి చెప్పను. ఈ మూడో ప్రమాణం మాత్రం ఇప్పటిదాకా చాలా తేలిగ్గా నిలబెట్టుకుంటున్నాను. మళ్లీ ఎవరూ ఆగలేదు.