గోంగూరతో పాటు మా అమ్మాయినీ ఆపారు

ఎనభైల మొదట్లో ఒక శనివారం కెనడా నుంచి తిరిగి వస్తుంటే, సరిహద్దు దగ్గర ఒక అమెరికా అధికారి మా అమ్మాయిని నా దగ్గర్నుంచి తీసుకెళ్లి వేరే గదిలో కూర్చోబెట్టాడు. రెండుంబావు గంటలు. "పోనీలే, వదిలెయ్" అని మావారు అప్పటినుంచీ అంటూనే ఉన్నారు. నేను వదల్లేదు. వదిలే ఉద్దేశమూ లేదు.

అప్పుడు మేం అమెరికాలో, కెనడా సరిహద్దుకి దగ్గర్లో ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్లం. సరిహద్దు నది అవతల కెనడాలో ఒక కొట్టుకి గోంగూర వచ్చిందని పక్క అపార్ట్‌మెంట్ ఆవిడ కబురు తెచ్చింది. గుంటూరావిడ. ఆదివారాలు తెలుగు చర్చిలో పాటలు పాడేది, చచ్చినా అబద్ధమాడదు. ఆ గుణమే మమ్మల్ని ముంచింది. నేను ఆవిడని వదినగారూ అనేదాన్ని, ఆవిడ నన్నూ అలాగే. మావారికి శనివారం కూడా ఆఫీసుంది కాబట్టి ఆవిడే కారు నడిపింది. వెనక సీట్లో నాలుగేళ్ల మా అమ్మాయి.

తిరుగు దారిలో నది మీది వంతెన దాటగానే అధికారి డిక్కీ తెరిచాడు. ఆరు కట్టలు.

"ఏమిటివి?"

"లీవ్స్," అన్నాను.

"అది కనబడుతూనే ఉంది."

ఆ వెటకారం మొదటి అవమానం. ఆకులు దాటించకూడదని చెప్పి మమ్మల్ని లోపలికి పిలిచాడు. కాగితాలు చూశాడు. నా పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, పిల్ల గ్రీన్‌కార్డు మీద మావారి ఇంటిపేరు. కనుబొమలు పైకి లేచాయి.

"ఈవిడ మీకేమవుతుంది?" అని గుంటూరావిడని అడిగాడు.

"సిస్టర్ ఇన్ లా అండీ."

"మీ భర్త చెల్లెలా?"

"అబ్బే, కాదు."

"మీ అన్న భార్యా?"

"నాకు అన్నలు లేరండీ."

"మరి ఎలా అవుతుంది?"

"గౌరవానికండీ," అందావిడ చేతులు కట్టుకుని.

అతను పెన్ను కింద పెట్టాడు. మా అమ్మాయి ముందు వంగి, "ఈమె మీ మమ్మీయేనా?" అన్నాడు.

అది నిండు నమ్మకంతో తల అడ్డంగా ఊపింది. "నో. అక్క."

"అక్క అంటే?" అని నన్నడిగాడు.

అక్కడైనా అబద్ధమాడాల్సింది. గుంటూరావిడ గాలి సోకినట్టుంది. "ఎల్డర్ సిస్టర్," అన్నాను.

మావారు నాకంటే ముందే అమెరికా వచ్చేశారు. నా వీసా కోసం పుట్టింట్లో మూడేళ్లు కూర్చున్నాను. నా తర్వాత మా అమ్మకి ఇంకా నలుగురు పిల్లలు. వాళ్లంతా నన్ను అక్కా అక్కా అంటుంటే ఇదీ అదే నేర్చుకుంది. దాని లెక్కలో అమ్మంటే మా అమ్మ. ఇదంతా అతనికి చెప్పాను. "ఆ మూడేళ్లూ మమ్మల్ని విడదీసింది మీ గవర్నమెంటే" అని కూడా అన్నాను. అనకుండా ఉండాల్సింది అంటారు మావారు. మళ్లీ అడిగినా అదే అంటాను.

"మీరు వెళ్లొచ్చు. తండ్రి వచ్చేదాకా పిల్ల వెళ్లడానికి లేదు. ఆయన రాకపోతే దాన్ని వేరేచోట ఉంచుతాం."

వేరేచోట. మావారి ఆఫీసుకి ఫోన్ చేశారు. మోగింది, మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఒక ఉద్యోగిని పిల్లని ఎత్తుకుని గాజు తలుపు అవతలికి తీసుకెళ్లింది. గుంటూరావిడ కళ్లు మూసుకుని ప్రార్థన మొదలెట్టింది. "గట్టిగా చెయ్యకండి వదినగారూ, దానికీ పర్మిషన్ అడుగుతారు," అన్నాను.

రెండు గంటలు గడిచాయి. ఫోన్ ఎవరూ ఎత్తలేదు. గాజు వెనక మా అమ్మాయికి రబ్బరు స్టాంపు దొరికింది. ముందు తన చేతి మీద కొట్టుకుంది. తర్వాత బల్ల మీద. తర్వాత అక్కడున్న కాగితాల మీద వరసగా. ఆ ఉద్యోగిని "నో, స్వీటీ" అని బతిమాలుతోంది. ఎవరికి కావాలి స్వీటీ? నేను ఇవతలి నుంచి మాట్లాడలేదు, లేవలేదు. ఒక్కసారి కళ్లురిమాను.

పిల్ల స్టాంపు బల్ల మీద పెట్టింది. చేతులు వెనక్కి పెట్టుకుంది. గోడకి ఆనుకుని నిలబడింది.

అధికారి నన్ను చూశాడు, దాన్ని చూశాడు. "మళ్లీ చెయ్యండి," అన్నాడు. చేశాను. ఈసారి అది పెదవి విరిచి ఏడవడానికి సిద్ధమైంది.

అతను ఫైలు మూసేశాడు. "నాకు ముగ్గురు అక్కలు. ఒక్కళ్లూ అలా చూడలేదు. మా అమ్మ చూసేది," అని తలుపు తెరిపించాడు. ప్రభుత్వం ముద్రేసిన కాగితాన్ని నమ్మనివాడు నా కళ్లని నమ్మాడు.

గోంగూర మాత్రం ఇవ్వలేదు.

పై అధికారులకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాను. చివరికి జవాబు వచ్చింది. గోంగూర కూడా దాటించకూడని మొక్కల కిందకే వస్తుందట. పిల్ల గురించి అందులో ఒక్క ముక్క లేదు.

ఆ తర్వాత ఎప్పుడు ఆ వంతెన దాటినా, అద్దం దించీ దించకముందే మా అమ్మాయి నా మెడ పట్టుకుని "షీ ఈజ్ మై మామ్!" అని అరిచేది. ఇంటికి రాగానే మళ్లీ అక్కా. ఆ మాట అక్కడొక్కచోటే దొరికేది. అందుకని నెలకోసారి మావారిని బయల్దేరదీసేదాన్ని. "ఇప్పుడెందుకే కెనడా?" అంటే, "బిస్కెట్లు బాగుంటాయట," అనేదాన్ని.

ఆ అధికారి పుణ్యమే కదా, థాంక్స్ చెప్పు అంటారు మావారు. ముందు నా ఆరు కట్టలూ ఇమ్మనండి.