హేమ్లి మెడ మీది నల్లమచ్చ

కారేపల్లి దగ్గరి తండాలో మిరపకాయలు కోయడంలో హేమ్లిని మించినవాళ్లు లేరు. 1979 వేసవిలో ఆమె మెడ చుట్టూ, ముంజేతుల మీద చర్మం కాలినట్టు నల్లబడి పొలుసులు రాలడం మొదలైంది. విరేచనాలు పట్టుకున్నాయి. పెనం మీద రొట్టె వేసి మరిచిపోయేది. మాట మధ్యలో ఊరికే ఏడ్చేది.

మొగుడు భీమ్లా బండి కట్టి దవాఖానాకు తీసుకుపోయాడు. డాక్టరు చూశాక ఆమె నీరసంతో వరండాలో ఒరిగిపోయింది. చెప్పాల్సిందంతా డాక్టరు భీమ్లాకే చెప్పాడు. తిరుగుదారిలో భీమ్లా ఒక్క మాటే అన్నాడు.

"పెద్దరోగమంట."

కుష్టు పిల్లలకు అంటుతుందన్న భయంతో హేమ్లి తనంతట తానే చేనుగట్టు మీది గుడిసెకు మారింది. భీమ్లా రొట్టె తెచ్చి దూరంగా పెట్టి పోయేవాడు. ఇంకొకడైతే అదీ పెట్టడనుకుని కళ్లు తుడుచుకునేది. దసరా వెళ్లాక అతను మరో పెళ్లి చేసుకున్నాడు.

"పిల్లలకు ఒండి పెట్టేటోళ్లు కావాలె గద" అన్నాడు. అదీ నిజమేననుకుంది.

టీకాలు వేయడానికి వచ్చిన దవాఖానా నర్సు సవరమ్మ, గట్టు వెంట పోతూ ఆమెను గుర్తుపట్టి ఆగింది.

"ఇంక తగ్గలేదా? గోళీలు మింగినవా లేదా?"

"ఏం గోళీలు, సిస్టరమ్మా?"

"నీ మొగుని చేతికే ఇచ్చిన గద. ఇది పెద్దరోగం కాదు, అంటుకునేది అసలే కాదు. వట్టి జొన్నరొట్టె మీదనే బతికితే నియాసిన్ అనే బి విటమిన్ ఒంటికి చాలదు. గందుకే ఎండ తగిలిన కాడ తోలు కాలుతది, కడుపు చెడుతది, మతి తప్పుతది. పప్పు, పల్లీలు, పాలు, గుడ్లు పెట్టుమని డాక్టరు మీ ఆయనకు మంచిగ చెప్పిండు."

హేమ్లి ఇంట్లో బర్రె ఉంది. పాలన్నీ హోటలుకు పోయేవి.

సవరమ్మ మళ్లీ గోళీలు తెచ్చిచ్చింది. ఏన్కూరు దగ్గర అన్న హాతీరాం ఇంట్లో ఉండి హేమ్లి వాటిని మింగింది, పప్పూ పల్లీలూ తింది. కొద్దిరోజుల్లోనే విరేచనాలు కట్టాయి, మతి కుదుటపడింది. తర్వాత మెల్లగా మెడ మీద కొత్త చర్మం వచ్చింది.

అప్పుడు వచ్చి తండా పెద్దల ముందు భీమ్లాను నిలబెట్టింది.

"డాక్టరు చెప్పింది నాకెందుకు చెప్పలే?"

భీమ్లా తలెత్తలేదు. "అప్పటికే ఈ రెండోదానితోని పెళ్లి మాటైపోయింది" అన్నాడు.

పెద్దలు సర్దుకుపొమ్మన్నారు.

"రోగమొచ్చిందని ఇడిసిపెట్టిండనుకున్న, ఓర్సుకున్న. బాగయితనని ఎరికుండే సావనిడిసిండు. ఆ ఇంట్ల నీళ్లు సుత తాగ" అంది హేమ్లి.

చివరికి పెద్దలు సగం చేను ఆమెకు ఇప్పించారు. చిన్నకూతురు పరుగెత్తుకొచ్చి చంకనెక్కింది. పెద్దది మాత్రం తల్లి చెయ్యి చాచగానే వెనక్కి జరిగింది. తండ్రి చెప్పిన రోగాన్ని ఆ పిల్ల ఇంకా నమ్ముతోంది. హేమ్లి బలవంతపెట్టలేదు. తల్లి చేతి ముద్ద తినడానికి ఆ పిల్లకు మరో రెండేళ్లు పట్టింది.