టీచరమ్మ ఎత్తు బెల్లం

నేను ఏడో తరగతిల బడి మానేసిన సంగతి మా లెక్కల సారుకు మూడు నెలల దాక తెల్వలేదు. క్లాసుల ఒక్కసారిగ సప్పుడు బందయ్యేసరికి తనకే చెవుడొచ్చిందనుకొని దవాఖానకు పోయి చూపించుకున్నడట. "చెవులు మంచిగనే ఉన్నయి సారూ, పిలగాండ్లల ఎవడన్న తక్కువైండేమో ఎంచుకోండ్రి" అన్నడట డాక్టరు. ఈ ముచ్చట మా దిక్కు ఇప్పటికీ చెప్పుకుంటరు. పుట్టించింది నేనే అనుకోండ్రి, అయినా చెప్పుకునుడైతే చెప్పుకుంటరు.

అసొంటోన్ని, నాలుగేండ్లు ఒక టీచరమ్మకు నోరై బతికిన.

ఆమెది ఫిలిప్పీన్స్. క్రైస్తవుల మిషన్ తరఫున పిల్లలకు చదువు చెప్పనీకి సముద్రం దాటి వచ్చింది. మిషనోళ్లకు ఆడపిల్లల హాస్టల్ బడులు మూడున్నయి. సోమ, మంగళ జనగామల. బుధ, గురువారాలు మహబూబాబాద్‌ల. శుక్ర, శని భూపాలపల్లిల. ఆమెను తిప్పే బండి నాది. తెలుగు రాదు కాబట్టి ఆమె మాట అటు, అటు మాట ఇటు చెప్పే పని కూడ నాకే పడ్డది. దుబాయిల డ్రైవరుగ ఉన్న ఆరేండ్లు నా గదిల నలుగురు ఫిలిప్పీన్సోళ్లు ఉండె. నా ఇంగ్లీషంత వాళ్ల పుణ్యమే. పనిల చేరేనాడు బడి పెద్దసారు "ఇంగ్లీషు వస్తదా?" అనడిగితే, "వస్తది సార్, గని ఎక్కువసేపు ఉండది" అన్న. నవ్వి తీసుకున్నడు.

జనగామ బస్టాండుల అందరు ఆమెను నేపాలమ్మ అనుకునేటోళ్లు. మొదట్ల కాదని చెప్పిన, తర్వాత నేనే అలసిపోయి అవునన్న. చిన్న మనిషి. నూలు చీర కడితే కుచ్చిళ్లు ఒకటి తూర్పుకు, ఒకటి పడమరకు. మూడు పూటల అన్నమే తింటది, ఎండు చేప ఉంటే ఇంక కూర అడగది. తిన్న పళ్లెం తనే కడుగుతది.

పొద్దున బండి ఎక్కంగనే కండ్లు మూసుకొని ప్రార్థన చేసేది. అప్పటిదాక నేను తాళం తిప్పొద్దు. ఒకసారి ఓపిక పట్టక, "ఇంతసేపు ఏం అడుగుతరమ్మా దేవున్ని?" అన్న. "పిల్లల పేర్లు చెప్పుకుంట. చివర్ల నీ డ్రైవింగు" అన్నది. నా డ్రైవింగుకే ఎక్కువసేపు పడుతదని నాకు అనుమానం.

ప్రార్థన చెయ్యమని ఎన్నడు ఎవ్వరినీ బలవంతం పెట్టంగ నేను చూడలే. ఎవలన్న అడిగితే చెప్పేది, అడగకపోతే ఎక్కాలు చెప్పేది. మాది మొక్కులు మొక్కే ఇల్లు. నేను బండి అద్దానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టుకుంటే దాని కిందనే కూసొని ఆమె బైబిలు చదువుకునేది. నాలుగేండ్లల దాన్ని ఒక్క మాట అనలే.

భూపాలపల్లి హాస్టల్‌ల వంట చేసే అవ్వ ఒకామె ఉండె. అరవై దాటినయి. శుక్రవారం టీచరమ్మ దిగంగనే ముందుగాల కుచ్చిళ్లు సరిచేసేది, తర్వాత అన్నం పెట్టేది. ఇద్దరికి ఒకరి భాష ఒకరికి రాదు. అయినా వంటింట్ల కూసొని గంటలు గంటలు ముచ్చట. నేను నడుమ పోతే ఇద్దరు చుప్‌గ అయ్యేటోళ్లు.

మొన్నటి జాతరకు ముందు వానకాలంల టీచరమ్మకు డెంగీ జరం పట్టుకున్నది. ప్లేట్‌లెట్లు రోజురోజుకు పడిపోవుడు. వరంగల్‌ల దవాఖానల పెట్టినం. అవ్వ పూటకోసారి నాకు ఫోను చేసేది. నాలుగో రోజు, "కొడకా, నేను తల్లులకు మొక్కుకున్న. టీచరమ్మ లేచి కూసుంటే మేడారం జాతరల నిలువెత్తు బంగారం ఇస్తనని" అన్నది.

మా దిక్కు బంగారమంటే బెల్లం. రెండేండ్లకోసారి వచ్చే మేడారం జాతరల సమ్మక్క సారలమ్మలకు మనిషి ఎత్తు, అంటే మనిషి బరువంత, బెల్లం ఇచ్చుడు మొక్కు. ఎవరి కోసం మొక్కుకున్నమో ఆ మనిషిని తక్కెడల కూసోబెట్టి, అవతలి పళ్లెంల బెల్లం ముద్దలు పెట్టి తూకం వేస్తరు. చిన్న పిల్లలకైతే సంబురమే. గని ఇక్కడ కూసోవాల్సింది క్రైస్తవ టీచరమ్మ.

ఆమె లేచింది. మనిషి సగమై భూపాలపల్లికి వచ్చింది. అవ్వ ఆమె చేతులు పట్టుకొని, నా దిక్కు చూసి, "తక్కెడల కూసుంటదా అడుగు" అన్నది. నేను ఇంగ్లీషుల, "ఇగ మంచిగ తింటరా అని అడుగుతుంది" అన్న. టీచరమ్మ గట్టిగ తలూపింది. "ఒప్పుకున్నది అవ్వా" అన్న.

ఎందుకట్ల చెప్పినవంటే, జాతరకు ఇంక ఆరు నెలలున్నయి. ఆరు నెలలల ఎవరు మరుస్తరో, ఎవరు మారుస్తరో అనుకున్న. అవ్వ కండ్లల నీళ్లు చూసి కాదనే మాట మోసుకొచ్చే ధైర్యం రాలే, అది కూడ ఉన్నది. నవ్వించుడు నాకు చిన్నప్పటి సంది అలవాటు. ఏడ్చేటోళ్ల ముంగట నిలవడుడే రాదు.

మాఘమాసం దగ్గర పడ్డది. ఒక బుధవారం అవ్వ ఫోను. "శుక్రారం బడి ఇడిసినంక బెల్లం దుకాణానికి పోదాం. తక్కెడ తుడిచి పెట్టుమని చెప్పొచ్చిన."

"వచ్చే జాతరకు ఇద్దాం తియ్యవ్వా, ఇప్పుడు రష్షు" అన్న నేను.

"మా ముసలాయనకు మొక్కిన మొక్కు గట్లనే ఒక జాతర వెనుకకు జరిపినం కొడకా. మల్ల జాతర వచ్చేదాక ఆయన ఉండలే. ఈ పిల్లను గూడ పోగొట్టుకోమంటవా?" అన్నది.

ఆ రెండు రోజులు నేను జోకు వేసిన గుర్తు లేదు. శుక్రవారం నర్సంపేట దాటినంక బండి పక్కకు ఆపి, మొత్తం కక్కేసిన. టీచరమ్మ అద్దంల నుంచి బయటికి చూసుకుంట విన్నది. పత్తి ట్రాక్టర్లు రెండు మమ్ముల దాటి పోయినయి. నాకైతే తిట్టినా బాగుండు అనిపించింది.

"ఆరు నెలలు ఆమె నా మాట అనుకొని నీ మాట నమ్మింది" అన్నది చివరికి. "నేను కూసోలేను. అట్ల కూసుంటే నా దేవుని ముంగట అబద్ధమాడినట్టే. గని ఆమెను భయంల విడిచిపెట్టలేను. పద. ఈసారి నేను ఏమన్ననో అదే చెప్పు. తీపి కలపకు."

వంటింట్ల అవ్వ కొత్త చీర కట్టుకొని రెడీగున్నది. టీచరమ్మ పోయి ఆమె ముంగట కింద కూసున్నది. నేను నడుమ. జీవితంల మొదటిసారి ఉన్న మాట ఉన్నట్టు చెప్పిన. ముందుగాల నేనాడిన అబద్ధం నేనే ఒప్పుకున్న. తర్వాత ఆమె మాట: "నేను ఒక్క దేవునికే మొక్కుత అవ్వా. నీ తక్కెడల కూసోలేను. గని నువ్వు నా కోసం ఏడ్చినవని నాకు తెలుసు."

అవ్వ ముందుగాల నా దిక్కు చూసింది. ఆ చూపుల కట్టెల పొయ్యి ఉన్నది. తర్వాత టీచరమ్మ దిక్కు తిరిగింది.

"ఆమెను మొక్కుమన్నదెవలు? మొక్కింది నేను. ఆధార్ కార్డు గూడ నాదే రాసిండు బెల్లం షాపాయన" అన్నది. ఎక్కువ బెల్లం కొంటే సారా కాస్తరేమోనని దుకాణంల కార్డు అడుగుతరు లెండి. "ఆమె కూసునుడెందుకు? ఎత్తు తెలిస్తే సాలదా? దూరం ఉన్నోళ్లకు గట్ల ఇయ్యరా ఏంది?"

నాకు సగం పానం వచ్చింది. ఉరికి పోయి బండి డబ్బాల నుంచి దవాఖాన చీటీ తెచ్చిన. "ఇగో అవ్వా, రాసే ఉన్నది. నలభై నాలుగు కిలోలు."

అవ్వ చీటీ దిక్కు గూడ చూడలే. "గది జరంల బరువు. తల్లులు లేపింది నిండు మనిషిని. సగం మనిషికి బెల్లమిచ్చి మోసం చేస్తనారా?"

ఇది టీచరమ్మకు చెప్పిన. హాస్టల్‌ల పిల్లలకు నెలనెలా బరువు చూసే మిషనున్నది. జరం వచ్చినంక డాక్టరు చెప్తే ఆమె గూడ నెలకోసారి దాని మీద నిలవడేది. ఆ నెల ఇంకా చూసుకోలే. లేచి పోయి, చెప్పులు ఇడిసి దాని మీద నిలవడ్డది.

"అవ్వ నా బరువెంతని అడుగుతుంది. అడిగినదానికి నిజం చెప్తున్న, అంతే. దాంతోని ఆమె ఏం చేసుకుంటదో ఆమెకూ ఆమె దేవతలకూ నడుమ" అన్నది. ఇదీ ఉన్నదున్నట్టే చెప్పిన.

యాభై రెండు.

అవ్వ ఒకటికి రెండుసార్లు అడిగి గుర్తు పెట్టుకొని, దుకాణానికి ఒక్కతే పోయింది. తక్కెడల బియ్యం బస్తా, మీద కొన్ని రాళ్లు పెట్టి యాభై రెండు చేయించి బెల్లం తూయించిందని షాపాయన తర్వాత చెప్పిండు. అవ్వ జాతర బస్సు ఎక్కేనాడు టీచరమ్మ ఆమె పేరు గూడ పొద్దుటి ప్రార్థనల కలిపింది. నా డ్రైవింగు ఆ పూట వెనుకకు పోయింది.

అవ్వ జాతర నుంచి వచ్చి అందరికి ప్రసాదం బెల్లం పంచింది. టీచరమ్మ దగ్గరికి వచ్చేసరికి కొంగు ముడి విప్పి, వేరే కాగితంల చుట్టిన ముద్ద తీసింది. "ఇది తల్లుల గద్దె కాడ పెట్టలే అని చెప్పు. దుకాణం నుంచి సీదా తెచ్చిన. భయం లేకుండ తినమను" అన్నది. నేను చెప్పిన. టీచరమ్మ అక్కడనే నిలవడి మొత్తం తిన్నది. తినుకుంట ఏడ్చింది. నేను బండి కడగాలె అని బయటికి వచ్చిన.

మరుసటి వారం నుంచి ఆమె అవ్వ దగ్గర తెలుగు మొదలుపెట్టింది. నన్ను దగ్గరికి రానియ్యలే. నాలుగైదు నెలలల అచ్చం భూపాలపల్లి అవ్వ లెక్కనే మాట్లాడుడు నేర్చింది. ఒకనాడు నెల్లికుదురు దాటినంక, ప్రార్థనలు, పాఠాలు, బేరాలు అన్నీ ఆమె తెలుగులనే నడుస్తున్నయని లోపల కొంచెం కుళ్లు పుట్టి అడిగిన:

"అన్ని మీరే మాట్లాడుతుంటే ఇగ నేనెందుకమ్మా? నా పనేంది?"

ఆమె బైబిలు మీది నుంచి తల ఎత్తనే లేదు.

"బండి నడుపు అన్నా. ఎటు తిప్పితే గటే పోతది. నడుమల ఏం కలపది."